పదహారు గళ్ల మంచం

నేను గీసినవాటిలో ఎక్కువమంది కంటపడిన బొమ్మ ఎంత ఉంటుందో చెబితే మీరు నవ్వుతారు. అడ్డంగా పదహారు గళ్లు, నిలువుగా పదహారు గళ్లు. కంప్యూటర్ తెర మీద అది శనగగింజంత. బొమ్మల కాలేజీలో చదివేటప్పుడు గోడంత కాన్వాసులు వేసి ఊరందరినీ నోరెళ్లబెట్టేలా చేద్దామనుకున్నాను. చివరికి శనగగింజలో మంచం గీయడానికి కుదిరాను. అదైనా సరిగ్గా గీశానా అంటే, అదే చెప్పబోతున్నాను.

తొంభైల చివర్లో మాదాపూర్ బండల మధ్య అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. అందులో ఒకదాంట్లో నాలుగో అంతస్తు మా ఆఫీసు. కిటికీలోంచి చూస్తే ఒకవైపు సిటీకి పోయే రోడ్డు, ఇంకోవైపు గచ్చిబౌలి మీదుగా గోపన్‌పల్లి దిక్కుకు పోయే అదే రోడ్డు, మిగతాదంతా గుట్టలు. మధ్యాహ్నం బండలు పేలిస్తే మా అద్దాలు గడగడలాడేవి. నేను బోరబండలో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. పొద్దున్నే షేరింగ్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని వచ్చి, చల్లటి ఏసీలో కూర్చుని, మౌస్‌తో ఒక్కొక్క గడీ నింపేవాణ్ణి.

నా పని ఐకాన్లు గీయడం. ప్రోగ్రాంలో ‘సేవ్’ చేయడానికి ఒక బొమ్మ, ‘ప్రింట్’ చేయడానికి ఒక బొమ్మ, ఇలా. ముందు బడిపిల్లల గ్రాఫ్ నోటుబుక్కులో రంగు పెన్సిళ్లతో వేసుకుని, నచ్చాక కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి. ఈ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. వెలుగు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి పడాలి. చుట్టూ నల్లగీత ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రతి బొమ్మనూ రెండుసార్లు గీయాలి: మంచి మానిటర్ల కోసం ఎక్కువ రంగులతో ఒకటి, పదహారు రంగులే చూపించగలిగే పాత కంప్యూటర్ల కోసం ఇంకొకటి. రెండోది గీయడమంటే నాకు ఒళ్లుమంట. ఇంకా పదహారు రంగులు ఎవడు వాడతాడు, రేపోమాపో అవన్నీ చెత్తకుప్పలోకే కదా అని వదిలేసేవాణ్ణి. నా పొగరు అలా ఉండేది.

ఆఫీసులో టీ పెట్టి, బల్లలు తుడిచే ఆమె ఒకరుండేవారు. గోపన్‌పల్లి మనిషి. నలభై దాటి ఉంటాయి. నేను అక్కా అనేవాణ్ణి. ఆమెకు నేను బొమ్మల సారును. మిగతావాళ్ల తెరల నిండా ఇంగ్లీషు గీతలే, నా తెర మీద మాత్రం బొమ్మలుండేవి. అందుకని గ్లాసు పెట్టి ఒక నిమిషం ఆగి చూసేది.

“పొద్దుగాలకెల్లి గీ మంచమే గీస్తున్నరు సారు. గింత మంచం మీద ఎవ్వలు పండుకుంటరు?”

“చీమలక్కా.”

“చీమలకు దవాఖాన గట్టిన్రా ఏంది!” అని పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

నిజంగానే అది దవాఖాన మంచం. సిటీలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి మా కంపెనీ సాఫ్ట్‌వేర్ చేస్తోంది. రోగుల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక చిన్న బొమ్మ. మంచం మీద మనిషి ఉంటే చేరినట్టు. ఎర్ర ప్లస్సు గుర్తుంటే ఐసీయూలో ఉన్నట్టు. ఇంటికి పంపించేస్తే ఒక బొమ్మ. పోతే ఒక బొమ్మ.

ఆ చివరి బొమ్మ దగ్గరే వచ్చింది చిక్కంతా. మొదట నేను మంచం తలాపున చిన్న దీపం పెట్టాను. అలా చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, మన ఇళ్లల్లో అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ దీపం చూసినవాళ్లమే కదా. ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు అది చూసి కుర్చీలో వెనక్కి జరిగారు. ఆయనది మా గోదావరి వైపే.

“ఏవండీ, ఇదేంటండీ ఇది? శుభమా అని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటుంటే తలాపున దీపమా? పొద్దున్నే స్క్రీను తీయగానే ఇదా మేం చూడాల్సింది? తీసెయ్యండి బాబూ. అశుభం కనపడకూడదు.”

మా మేనేజరు నన్ను చూసి కళ్లతోనే తీసెయ్యమన్నాడు. నాకూ ఆయన మాట సబబుగానే తోచింది. మనం ఆ మాట నోటితోనే అనం. పోయారంటాం, కాలం చేశారంటాం, ఇక లేరంటాం. నోటితో అనలేనిదాన్ని తెర మీద ఎలా వేస్తాం? రెండు రోజులు ఆలోచించి ఖాళీ మంచం గీశాను. మడతపెట్టిన దుప్పటి మంచం మీద ఉంటుంది. ఇంటికి వెళ్లినవాళ్లకు లేత నీలం దుప్పటి. పోయినవాళ్లకు తెల్లదుప్పటి. రెండిట్లోనూ మంచం ఖాళీయే.

ఆ మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. ఎంత సున్నితంగా ఉందండీ అన్నారు డాక్టరుగారు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. ప్రోగ్రాం రాసేవాడు ఒక్కడే బొమ్మ పక్కన మాట కూడా రాసేద్దామన్నాడు. నేను వాడి మీద విరుచుకుపడ్డాను. మాట రాస్తే ఇక బొమ్మెందుకయ్యా, బొమ్మే మాట్లాడాలి అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆ మాట తెర మీద లేకపోతే డాక్టరుగారికీ సంతోషమే. చివరికి మధ్యేమార్గంగా, బాణం గుర్తును బొమ్మ మీద ఒక్క క్షణం ఆపితే పసుపుపచ్చ పట్టీలో మాట కనపడేలా పెట్టారు. నా దృష్టిలో అదీ అనవసరమే.

సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు నేను కూడా ఆస్పత్రికి వెళ్లాను. ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చునే ఆమె బోరబండలో మా వెనక వీధి. మనిషి చురుకైనది. అరగంటలో అంతా నేర్చేసుకుంది. తర్వాత జాబితా మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“సార్, జర గిటు చూడుండ్రి. గీ రెండు మంచాలు నాకు ఒక్క తీర్గనే కనవడుతున్నయి.”

“అదేంటండీ, దుప్పటి చూడండి. ఒకటి నీలం, ఒకటి తెలుపు.”

“నీలం ఏడుంది సార్?”

వంగి చూశాను. నీలం లేదు. రెండూ తెల్లగానే ఉన్నాయి. ఎందుకలా అయిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అది పదహారు రంగుల కంప్యూటర్. ఆ పదహారులో లేత నీలం లేదు. లేని రంగు అడిగితే అది దగ్గరున్న రంగేదో వేసేస్తుంది. లేత నీలానికి దగ్గరిది తెలుపు. నేను గీయకుండా ఎగ్గొట్టిన రెండో బొమ్మ అక్కడ ఉండాల్సింది.

అప్పుడు నేనేమన్నానో తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. “మీ కంప్యూటర్లు బాగా పాతవండీ, మార్పించుకోండి” అన్నాను.

“అది మా చేతుల లేదు సార్. మార్చేదాంక నేనేం జెయ్యాలె? మనుషులొచ్చి అడుగుతరు గద.”

“బాణం గుర్తు బొమ్మ మీద ఒక్క క్షణం పెట్టండి. పేరు కనపడుతుంది.”

“అట్లనే పెడుత సార్, యాదికుంటె.”

ఆఫీసుకొచ్చి, కౌంటర్ సిబ్బందికి ఇంకా శిక్షణ కావాలి అని మేనేజరుకు మెయిల్ రాశాను. నేను సరిచేయాల్సినవి రెండే రెండు బొమ్మలు. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపటికి వేరే క్లయింటు పని వచ్చి పడింది.

అక్క భర్తను నేను ఒకే ఒక్కసారి చూశాను. బండలు కొట్టే పని ఆయనది. ఈ బిల్డింగు పునాదుల్లోనూ కొట్టాడట. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పట్టుకుంది. ఒక సాయంత్రం ఆమెను తీసుకుపోదామని వచ్చి, మా గేటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి. నన్ను చూసి రెండో చెయ్యెత్తి దండం పెట్టాడు. స్తంభం మీది చెయ్యి మాత్రం తీయలేదు.

ఆ చలికాలం ఆయనకు జ్వరం తగులుకుని ఊపిరి ఆడడం కష్టమైంది. అక్క ఏడుస్తుంటే మా మేనేజరే డాక్టరుగారికి ఫోన్ చేసి, మా సాఫ్ట్‌వేరున్న ఆస్పత్రిలోనే చేర్పించాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి జనరల్ వార్డుకు మార్చారు. రాత్రిళ్లు ఆమె మరిది అక్కడ పడుకునేవాడు. పొద్దున్నే అతను డ్యూటీకి పోతే, మా ఆఫీసు పని చూసుకుని అక్క మూడింటికి వెళ్లేది. మధ్యలో ఆయన దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

వార్డుకు మార్చిన వారానికి ఆమె మొహంలో కళ వచ్చింది. “ఇడ్లీ తిన్నడట సారు. బాత్రూముకు గోడ వట్టుకొని తనంత తనే పోయిండట” అని టీ ఇస్తూ సీటు సీటుకూ చెప్పింది. ఇంటికెప్పుడు పంపుతారా అన్నదొక్కటే ఇక ఆమె ధ్యాస. ఒకరోజు నన్నడిగింది. “దవాఖాన సంగతంత గీ కంప్యూటర్లకెల్లి కనవడ్తదట గద సారు? ఇది అబద్దం జెప్పదా?”

“అబద్ధం చెప్పడం దానికి చేతకాదక్కా. మనం చెప్పిందే చూపిస్తుంది. మనుషుల్లాగ తప్పులు చేయదు.”

ఈ మాట అన్నది నేనే. ఇంకెవరో కాదు.

ఆ తర్వాత రెండు రోజులకు, ఒంటిగంటన్నరకు, భోజనాలయ్యాక ఆమె నా సీటు దగ్గరకొచ్చి నిలబడింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. ఆయనకని పొద్దున్నే వండుకొచ్చిన పెసరపప్పు కిచిడీ.

“సారు, డాక్టరు ఇయ్యాలో రేపో పంపిస్తమన్నడట. దవాఖానకు ఫోన్ జేస్తే ఊకె ఎంగేజే వస్తుంది. నేనిప్పుడు అటు పోవాల్నా, ఇంటికి పోవాల్నా సమజైతలేదు. మీ కంప్యూటర్ల జర చూడుండ్రి.”

ఆస్పత్రిలో ప్రోగ్రాం ఆగిపోతే ఇక్కణ్ణుంచే సరిచేయడానికి మా దగ్గర ఒక కంప్యూటర్ ఉండేది, టెలిఫోన్ లైను మీద కలిసేది. క్లయింటు దగ్గరున్నట్టే ఉండాలని అదీ పాతదే, పదహారు రంగులదే పెట్టారు. దాన్ని చూసుకునే ఇంజనీరు బయటికి వెళ్లాడు. నాకు అది తెలుసు కాబట్టి, పైగా సాయం చేస్తున్నానన్న దర్జాతో, నేనే కూర్చున్నాను. మోడెం కీచుమంది. జాబితా ఒక్కో వరుసా నింపాదిగా దిగింది. ఆయన పేరు దొరికింది. పేరు పక్కన ఖాళీ మంచం.

“డిశ్చార్జ్ చేసేశారక్కా!” అన్నాను.

తెల్లదుప్పటి అది. చూశాను. నా రెండు కళ్లతోనే చూశాను. కానీ ఆ మంచం మీద నీలం దుప్పటి వేసింది నేను, నా తలలో అది నీలంగానే ఉండిపోయింది. కౌంటర్లో ఆమెకు నేర్పింది నేనే: బాణం గుర్తు ఒక్క క్షణం పెట్టండని. నేను పెట్టలేదు. నా బొమ్మ నాకు తెలియదా అనుకున్నాను.

“మరి ఎవ్వలు దీస్కపోయిన్రు సారు? మా మరిది డ్యూటీల ఉన్నడు గద?”

“మధ్యలో వచ్చి తీసుకెళ్లుంటాడులే అక్కా. నువ్వు ఇంటికెళ్లు, నీకోసం చూస్తుంటారు.”

ఆ ప్రశ్న దగ్గరైనా ఆగి ఉండాల్సింది. ఆమెకొచ్చిన అనుమానం నాకు రాలేదు. ఆమె రెండు చేతులూ జోడించింది. “సల్లగుండుండ్రి సారు. ఇంటికాడ ఏడేడిగ వండుత, ఇగ గిది మీరు తినుండ్రి” అని ఆ డబ్బా నా బల్ల మీద పెట్టేసింది.

కిటికీ దగ్గరకెళ్లి చూశాను. కింద గేటు దాటి వచ్చి, ఆమె రోడ్డు పక్కన ఒక్క క్షణం నిలబడింది. సిటీకి పోయే బస్సు ఇటువైపే ఆగుతుంది. దాన్ని వదిలేసి, పరుగులాంటి నడకతో రోడ్డు దాటి, గోపన్‌పల్లి పోయే ఆటో కోసం చెయ్యెత్తింది. నాకు కడుపు నిండినంత సంతోషమైంది. వచ్చి కిచిడీ తిన్నాను. బాగుంది. కొంచెం నెయ్యి వేసి, మెత్తగా, నమలలేని మనిషి కోసం వండిన కిచిడీ. డబ్బా కడిగి పెట్టాను కూడా.

మర్నాడు ఆమె రాలేదు. భర్త దగ్గర ఉండి ఉంటుందిలే అనుకున్నాం. ఆ మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. అతనిదీ గోపన్‌పల్లే.

“గా చాయ్ జేసే ఆమె పెనిమిటి పోయిండు గద సారు. మొన్న పగటీలి.”

“మొన్నా? మొన్నే కదా ఇంటికొచ్చాడు?”

“ఏడొచ్చిండు సారు? దవాఖాన్లనే పాణం పోయింది, పన్నెండు గొట్టంగ.”

అతను చెబుతూనే ఉన్నాడు. ఆమె ఇంటికొచ్చి చూస్తే తాళమే ఉంది. దారిలో ఉన్నారేమో అనుకుంది. దవాఖాన నుంచి వచ్చిన మనిషి తలకు పోసుకోవాలని పొయ్యి మీద నీళ్లు పెట్టింది. సేమియా పాయసం వండింది. మా ఆయన బతికి వస్తున్నడని వాడకట్టంతా తిరిగి గ్లాసుల్లో పంచింది. ఆస్పత్రిలో ఆమె రాయించిన ఫోన్ నంబరు వాడకట్టులోని కిరాణా దుకాణానిది, మధ్యాహ్నం అది మూసి ఉంది. అది తెరిచాక, అయిదింటికి కబురు వచ్చింది. ఆమె ఆస్పత్రికి చేరేసరికి చీకటిపడింది. పన్నెండింటి నుంచి అప్పటిదాకా ఆయన మార్చురీ గదిలో ఒక్కడే ఉన్నాడు.

“అండ్ల మల్ల గీ లొల్లి సారు. ఆమె అత్త ఉంది సూడుండ్రి, శవం కాడ గదే మాట. మొగడు సచ్చిన దినం పాయసం వండి పంచింది గిది అని. ఊరంత గదే ముచ్చట.”

పైకెళ్లి నా కుర్చీలో కూలబడ్డాను. తెర మీద నా రెండు మంచాలు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నేను నోరు విప్పకముందే ఆఫీసులో కథ తయారైపోయింది. ఆస్పత్రివాళ్లు తప్పు ఎక్కించారట, పాపం ఆమెను తిప్పలుపెట్టారట. టీ గ్లాసుల చుట్టూ అందరూ అదే మాట. నేను తలూపాను. తలూపడమే కాదు, ఒకరిద్దరితో “అవును, అక్కడి కౌంటర్ వాళ్లకు శిక్షణ చాలదు” అని కూడా అన్నాను. నన్ను ముందే హెచ్చరించిన ఒక్క మనిషి మీదికే ఆ నింద తోశాను. ఛీ, అంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు.

బొమ్మలు మాత్రం మార్చాలని కూర్చున్నాను. రోజుకో రకం గీసేవాణ్ణి. దుప్పటి రంగు ముదురు చేశాను. దిండు పెట్టాను, తీశాను. బాణం పెట్టాను. ఏదీ కుదరలేదు. ఎంతసేపూ ఆ ఖాళీ మంచం చుట్టూనే తిరిగాను.

దినాలైపోయాక ఆమె పనిలోకి వచ్చింది. బొట్టు లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. అందరి గ్లాసులూ ఇచ్చాక నా దగ్గర ఆగింది. నేను తలెత్తలేకపోయాను.

“కంప్యూటర్ తప్పు జెయ్యదంటిరి గద సారు. మరి దవాఖానోళ్లే తప్పు రాసిన్రా?”

ఇంత సూటిగా అడిగితే ఎవడైనా నిజం చెబుతాడు. గొంతు దాకా వచ్చింది కూడా. “అవునక్కా, అక్కడే ఏదో పొరపాటు” అన్నాను.

ఆమె తలూపింది. కోపమేమీ లేదు. “ఏం బొమ్మ జూసి జెప్పిన్రో జర నాకు చూపెట్టుండ్రి.”

రెండు బొమ్మలూ నా తెర మీద పెద్దవి చేసి చూపించాను. ఇది ఇంటికెళ్లినవాళ్లకు, ఇది పోయినవాళ్లకు అని చెప్పాను. నాది మంచి మానిటర్. నీలం నీలంగానే, తెలుపు తెల్లగానే ఉన్నాయి. ఆమె వంగి చాలాసేపు చూసింది.

“గిది నీలం. గిది తెలుపు. సాఫ్ కనవడుతుంది గద సారు…” అని ఆగిపోయింది. మరి మీకెట్ల కనవడలేదు అని అడుగుతుందనుకున్నాను. ఆమె అడగలేదు. నా మొహం వంక ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

“రెండిట్ల మనిషి లేడు గద సారు. సచ్చిపోయినోడు లేడంటె సరే. ఇంటికి పోయినోడు ఏడికి పోయిండు? ఆయన నడుసుకుంట పోతుండాలె గద?”

పది రోజులుగా నేను కొట్టుకుంటున్నది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. పదహారు గళ్ల కొత్త చట్రం తెరిచాను. ఒక తలుపు గీశాను. తలుపులోంచి బయటికి నడుస్తున్న మనిషి. తలకు నాలుగు గళ్లు, ఒంటికి ఏడు గళ్లు, ముందుకొక కాలు, వెనక్కొక కాలు. నలుపూ తెలుపూ ముదురు ఎరుపూ తప్ప ఏమీ వాడలేదు. పదహారు రంగుల్లోనైనా, రెండే రంగుల్లోనైనా చెక్కుచెదరదు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాలు, కౌంటర్లో ఆమె వేలు పెట్టి చూపించిన రోజు నాకు దొరకలేదు.

అక్క నా కుర్చీ వెనకే నిలబడి ఉంది. ఇంకా ఏదో చూస్తోంది.

“సారు, గా చెయ్యి జర ముంగటికి జరుపుతరా?”

“ఎక్కడికక్కా?”

“తలుపుకు ఆనియ్యుండ్రి. ఆయనకు ఆయాసముండె గద. ఏదన్న వట్టుకొనే నడుస్తుండె.”

రెండు నల్లగళ్లు చెరిపి, రెండు గళ్లు ముందుకు పెట్టాను. ఆ శనగగింజంత మనిషి తలుపు చెక్క పట్టుకున్నాడు. “ఇగ మంచిగుంది” అంది ఆమె. పైటచెంగుతో కళ్లు తుడుచుకుని, “ఇగ ఎవ్వలకు తప్పు గాదు” అంది.

ఆ బొమ్మ ఆస్పత్రిలోకి వెళ్లింది. తర్వాత ఇంకొన్ని ఆస్పత్రుల్లోకీ వెళ్లింది. ఎందరో దాన్ని చూసి, మీవాళ్లు ఇంటికెళ్లిపోయారని చెప్పి ఉంటారు. బాగై వెళ్లేవాడు తలుపు ఎందుకు పట్టుకున్నాడని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పోయినవాళ్లకు డాక్టరుగారు కాదన్న దీపమే మళ్లీ పెట్టాను, పక్కన మాట కూడా రాయించాను. ఈసారి ఎవరూ వద్దనలేదు.

వేసవి రాకముందే ఆమె మా ఆఫీసు మానేసి, యూనివర్సిటీ హాస్టల్లో వంటపనికి కుదిరింది. గోపన్‌పల్లికి వెళ్లి చెప్పేద్దామని రెండుసార్లు బయల్దేరాను. ఆమెకు కాకపోయినా, ఆ అత్తకు చెప్పాల్సింది: పాయసం వండించింది ఆమె కాదమ్మా, నేను అని. ఒకసారి గచ్చిబౌలి దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. రెండోసారి అంత దూరం కూడా పోలేదు. ఇప్పుడు అక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే. ఏ ఇంటి తలుపు తట్టాలో నాకు తెలియదు.

ఆ రోజు, బొమ్మ అయిపోయాక, నిజం చెప్పడానికి నాకింకా వ్యవధి ఉంది. ఆమె నా పక్కనే నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. నేను బొమ్మ మూసి, తెర వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె నా బల్ల మీద చల్లారిపోయిన గ్లాసు చూసింది. “అయ్యో, మాటల్ల వడి చాయ్ సల్లారవెట్టిన” అని దాన్ని తీసుకువెళ్లి, వేడిగా ఇంకోటి పెట్టుకొచ్చి నాకిచ్చింది.